చెల్లుకు చెల్లు: ఖాతాలో పడిన డబ్బును బ్యాంకు అప్పుకింద జమేసుకుంటే

ఉరవకొండ దగ్గర ఒక రైతు నవంబరులో శెనక్కాయ అమ్మాడనుకుందాం. మండీ వ్యాపారి 58,400 రూపాయలు ఖాతాకు పంపాడు. మరుసటి రోజు కూలీలకు ఇవ్వాలని రైతు బ్యాంకుకు వెళ్లి పాసుబుక్కు ఎంట్రీ వేయించుకుంటే రెండు వరుసలు అచ్చయి వచ్చాయి. పై వరుసలో 58,400 జమ. కింది వరుసలో 58,000 ఖర్చు, పక్కన లోను ఖాతా నంబరు. రెండింటికీ తేదీ ఒకటే. మిగిలింది 400, దానికి పైన ఎప్పటిదో పాత బ్యాలెన్సు. కౌంటర్లో అడిగితే వచ్చే జవాబు ఒక్క ముక్క: "క్రాప్ లోను ఓవర్‌డ్యూలో ఉంది కదా, సిస్టమే జమేసుకుంది."

"నా డబ్బు నన్నడక్కుండా ఎట్ల తీసుకుంటారు?" అని రైతు అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. కానీ చిక్కంతా "నా డబ్బు" అన్న మాట దగ్గరే ఉంది.

ఖాతాలో వేసిన మరుక్షణం ఆ డబ్బు చట్టం లెక్కలో బ్యాంకుది అవుతుంది. ఖాతాదారుకు మిగిలేది, అంత మొత్తాన్ని అడిగినప్పుడు తిరిగి రాబట్టుకునే హక్కు. 1848లో ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఫోలీ వర్సెస్ హిల్ కేసులో ఈ సంగతి తేల్చింది. మన కోర్టులూ అదే దారిలో నడుస్తున్నాయి. డిపాజిట్ అంటే బ్యాంకుకు మనమిచ్చిన అప్పు, లోను అంటే బ్యాంకు మనకిచ్చిన అప్పు. ఇద్దరూ ఒకరికొకరు బాకీ ఉన్నప్పుడు లెక్క కలిపి, తేడా ఎంతో అంత మాత్రమే ఇచ్చిపుచ్చుకోవచ్చు. బ్యాంకు భాషలో దీని పేరు సెట్ ఆఫ్. తెలుగులో అంతకన్నా పాత మాటే ఉంది: చెల్లుకు చెల్లు.

ఈ పద్ధతి సీమకు కొత్తేం కాదు. విత్తనాలకూ మందులకూ ముందుగా డబ్బిచ్చిన మండీ వ్యాపారి, కాయలు తూకం వేశాక తన బాకీ పట్టుకుని మిగతాది చేతిలో పెడతాడు. అంగడిలో పద్దు ఉన్నవాడు అదే అంగడికి చింతపండు తెచ్చి వేస్తే పద్దులో కొట్టేస్తారు. తేడా ఒకటుంది. మండీలో ఆ కోత మన కళ్లముందే జరుగుతుంది. చీటీ రాస్తారు, "ఈసారికి సగం పట్టుకో అన్నా" అని బతిమాలుకోవడానికి చోటుంటుంది. బ్యాంకులో చీటీ లేదు, బతిమాలడానికి మనిషి లేడు. ఫోన్లో మెసేజ్ వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది.

బ్యాంకుల సెట్ ఆఫ్‌కంటూ విడిగా ఒక చట్టమేమీ లేదు. కాంట్రాక్టు సూత్రాలు, పాత తీర్పులు, ఖాతా తెరిచేటప్పుడు మనం చదవకుండా పెట్టిన సంతకాలు, ఈ మూడింటి మీదే ఇది నిలబడింది. దీనికి దగ్గరి చుట్టం లాంటి ఇంకో హక్కుకు మాత్రం చట్టంలో చోటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, తమ చేతికి వచ్చిన వస్తువులను మొత్తం బాకీకి హామీగా అట్టిపెట్టుకునే హక్కు బ్యాంకులకు ఉంది. దాన్నే లీన్ అంటారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదుల మీద కూడా ఈ హక్కు చెల్లుతుందని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో బ్యాంకు, అప్పట్లో అనంతపురం జిల్లా ఊళ్లలో బాగా తెలిసిన సిండికేట్ బ్యాంకే. బ్రాంచిలో "లీన్ పెట్టాం", "హోల్డ్‌లో ఉంది" అంటే డబ్బు ఖాతాలోనే ఉంది, తీయడానికి మాత్రం వీల్లేదని అర్థం. సెట్ ఆఫ్ అంటే డబ్బు లోను ఖాతాకు వెళ్లిపోయింది. జనం రెండింటినీ "పట్టుకున్నారు" అనే అంటారు. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం వేరు.

లీన్ గురించిన గొడవల్లో సీమలో ఎక్కువగా వినబడేది బంగారం గురించి. గాజులు కుదువ పెట్టి తెచ్చిన లక్ష రూపాయలు వడ్డీతో సహా కట్టేశారు. రసీదు చేతిలో ఉంది. గాజుల ప్యాకెట్ మాత్రం బీరువాలోంచి బయటికి రాదు, "మీ పేరు మీద క్రాప్ లోను బాకీ ఉంది, అది కూడా కట్టి తీసుకుపోండి" అంటారు. బ్యాంకు 171వ సెక్షన్ చూపిస్తుంది. అదే చట్టంలో మూడు సెక్షన్ల తర్వాత, 174లో, ఏ బాకీ కోసం వస్తువు కుదువ పెట్టారో ఆ బాకీకి తప్ప వేరే బాకీకి దాన్ని అట్టిపెట్టుకోకూడదని ఉంది, అలా ఒప్పుకుని ఉంటే తప్ప. కుదువ పెట్టుకున్నవాడు తర్వాత మళ్లీ అప్పిచ్చి ఉంటే అలాంటి ఒప్పందం ఉన్నట్టే అనుకోవచ్చని కూడా అక్కడే ఉంది. ఈ రెండు సెక్షన్లలో ఏది పైచేయి అన్న దానిమీద తీర్పులు రెండు వైపులా వచ్చాయి. కాబట్టి గొడవ తెగేది చాలావరకు బంగారు లోను కాగితంలోని చిన్న అక్షరాల దగ్గరే: "ఇప్పుడున్న, ఇకముందు ఉండబోయే అన్ని బాకీలకూ" అన్న ముక్క అందులో ఉందా లేదా. ఉంటే బ్యాంకు వాదన గట్టిది. లేకపోతే, పాత క్రాప్ లోను చూపించి గాజులు ఆపడం అంత తేలిక కాదు. లాకరులో పెట్టుకున్న నగలకు ఈ తలనొప్పి లేదు. లాకరు అద్దెకిచ్చిన చోటు, అందులోని సొమ్ము బ్యాంకు చేతికి అప్పగించినట్టు కాదు.

మళ్లీ ఖాతా డబ్బు దగ్గరికి వద్దాం. ఒకడి బాకీని ఇంకొకడి డబ్బుతో చెల్లు చేయకూడదన్నది ఈ హక్కుకు పెద్ద కట్టు. అప్పు ఎవరిది, ఆ డబ్బు ఏ హోదాలో ఎవరిది అన్నవి రెండు వైపులా ఒకటే కావాలి. భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో డబ్బుంది, లోను భర్త ఒక్కడిదే. వేరే ఒప్పందం లేకపోతే ఆ ఖాతా మీద చెయ్యి వేయకూడదు. అదే లోను ఇద్దరూ కలిసి తీసుకుంటే కథ తిరగబడుతుంది. ఇద్దరిలో ఎవరి సొంత ఖాతా నుంచైనా మొత్తం బాకీ రాబట్టవచ్చు, ఎందుకంటే కలిసి తీసుకున్న అప్పుకు ఒక్కొక్కరూ పూర్తిగా బాధ్యులే. మైనరు కొడుకు పేరుతో తండ్రి గార్డియన్‌గా నడిపే ఖాతాలోని డబ్బు కొడుకుది, తండ్రి బాకీకి అది పనికిరాదు. సొంత పేరుతో కిరాణా నడిపేవాడికి అంగడి ఖాతా, సొంత ఖాతా అని రెండున్నా చట్టానికి మనిషి ఒకడే. పార్ట్‌నర్‌షిప్‌లో మాత్రం వన్‌వే రోడ్డు: ఫర్మ్ బాకీకి పార్ట్‌నరు సొంత డబ్బు దాకా రావచ్చు, పార్ట్‌నరు సొంత బాకీకి ఫర్మ్ డబ్బు ముట్టకూడదు.

పల్లెల్లో ఎక్కువగా తప్పు జరిగేదీ, ఎక్కువమంది మాట్లాడకుండా ఊరుకునేదీ ఇంకోచోట. నాయన పేరు మీద క్రాప్ లోను ఉంది, ఆయన పోయాడు. కొడుకు బెంగళూరులో పనిచేసి తన ఖాతాలో వేసుకున్న డబ్బును ఆ బాకీకి జమ చేసుకోవచ్చా? కూడదు. నాయన ఆస్తిలోంచి ఎంత వచ్చిందో అంతవరకే వారసుడి బాధ్యత, అదీ వసూలు పద్ధతిగా చేసుకోవాలి. నాయన సొంత ఖాతాలో మిగిలిన డబ్బు వేరు. నామినీకి ఇచ్చేముందు బ్యాంకు తన బాకీ అందులోంచి పట్టుకోవచ్చు. కొడుకు ఆ లోనుకు ష్యూరిటీ సంతకం పెట్టి ఉంటే మాత్రం తప్పించుకోవడం కష్టం. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతే. "ఊరికే సాక్షి సంతకమన్నారు" అనే మాట సీమలో ఎన్ని ఇళ్లలో వినబడుతుందో చెప్పలేం. ఆ కాగితం మీద నిజంగా ఏమని ఉందో నకలు తీసుకుని చూడటమే దారి.

బ్యాంకు కూడా ఒకటే అయి ఉండాలి. ఒక బ్రాంచిలో అప్పు, ఇంకో బ్రాంచిలో డిపాజిట్ ఉన్నా బ్యాంకు ఒకటే కాబట్టి చెల్లుకు చెల్లు నడుస్తుంది. కోర్ బ్యాంకింగ్ వచ్చాక గుంతకల్లులో అప్పు, అనంతపురంలో జీతం ఖాతా అన్న దూరం సిస్టంలో లేదు. వేరే బ్యాంకు డబ్బును ముట్టలేరు. ఈ ధైర్యంతోనే చాలామంది అప్పు ఒక బ్యాంకులో, పొదుపు ఇంకో బ్యాంకులో పెట్టుకున్నారు. ఆ గీతను విలీనాలు చెరిపేశాయి. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది, ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. విలీనంలో ఆస్తులతోపాటు రాబట్టుకోవాల్సిన బాకీలు కూడా కొత్త బ్యాంకుకు వస్తాయి. అంటే సిండికేట్‌లో పాత లోను, కెనరాలో పెన్షన్ ఖాతా ఉన్నవాడు ఏ కాగితం మీదా కొత్తగా సంతకం పెట్టకుండానే ఒకే బ్యాంకుకు అటూ ఇటూ బాకీ పడ్డాడు. కస్టమర్ ఐడీలు కలిపే పని మెల్లగా జరుగుతుంది కాబట్టి దెబ్బ ఏడాదికో రెండేళ్లకో తగలొచ్చు. అప్పుడు "ఇన్నాళ్లు లేనిది ఇప్పుడెందుకు" అనిపించడం సహజం.

ఇక గడువు. కట్టాల్సిన రోజు రాని బాకీకి ఖాతా డబ్బు పట్టుకోకూడదు. ఇల్లు లోనులో రెండు ఈఎంఐలు తప్పితే ఆ రెండింటికే పట్టుకోవాలి. లోను మొత్తాన్ని వెనక్కి పిలుస్తూ నోటీసు ఇవ్వకుండా ఇంకా పదేళ్లున్న మిగతా అసలుకు చెయ్యి చాపడం హద్దు దాటడమే. క్రాప్ లోనుకు ఏడాది గడువు దాటితే రెండు నష్టాలు. మొదటిది, సకాలంలో కడితే కేంద్రం ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ పోతుంది, 4 శాతానికి పడాల్సింది 7కు, ఆపైకి పోతుంది. రెండోది, ఖాతాలో ఏది పడినా పట్టుకునే హక్కు బ్యాంకుకు వచ్చేస్తుంది. వడ్డీ కట్టి తిరగరాసుకోవడం అందుకే. 2014లో కుటుంబానికి లక్షన్నర దాకా రుణమాఫీ అన్నప్పుడు కట్టకుండా ఆగినవాళ్లు చాలామంది ఈ రెండో సంగతి ఆలస్యంగా తెలుసుకున్నారు. ప్రభుత్వం మాఫీ ప్రకటించినంత మాత్రాన లోను కాగితం మీది గడువు తేదీ ఆగదు. డబ్బు బ్యాంకుకు చేరేదాకా బాకీ బాకీయే.

మరి పదేళ్ల నాటి, మూడేళ్ల కాలపరిమితి దాటిపోయిన బాకీ? ఇక్కడ చట్టం జనం అనుకున్నట్టు ఉండదు. కాలం దాటితే పోయేది దావా వేసే దారి మాత్రమే, బాకీ పోదు. 1992లోనే పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో ఇదే జరిగింది. ష్యూరిటీ ఉన్నాయన హామీగా ఇచ్చిన డిపాజిట్‌ను బ్యాంకు కాలపరిమితి దాటాక బాకీకి జమేసుకుంది. ఆయన క్రిమినల్ కేసు పెట్టాడు. సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కోర్టుకు పోలేని బ్యాంకు కూడా తన చేతిలో ఉన్న డబ్బుతో బాకీ తీర్చుకోగలదన్నమాట.

నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇబ్బందిగా తోచేది ఇదే. బ్యాంకు కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకుంటే, జీతం జప్తు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ అడ్డుపడుతుంది. మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టకూడదు. 30,000 జీతమైతే లెక్క ప్రకారం జప్తుకు దొరికేది 10,000 లోపే. అదే బ్యాంకు కోర్టు గడప తొక్కకుండా జీతం ఖాతా నుంచి సెట్ ఆఫ్ చేసుకుంటే, ఇంత మిగల్చాలి అనే స్పష్టమైన గీత ఎక్కడా లేదు. మొత్తం ఊడ్చేయవచ్చు. కష్టపడి కేసు గెలిచినవాడికన్నా కీబోర్డు నొక్కినవాడికి ఎక్కువ దక్కుతోంది. హక్కు న్యాయమైనదే కావచ్చు, మండీ వ్యాపారికి ఉన్నదే బ్యాంకుకూ ఉంది. హద్దు లేకపోవడం మాత్రం న్యాయం కాదు.

పింఛను విషయంలో కొంత రక్షణ ఉంది. ప్రభుత్వ పింఛను జప్తు కాకూడదని 1871 నాటి పింఛన్ల చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. రిటైరైనప్పుడు వచ్చిన పెన్షన్, గ్రాట్యుటీ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసినంత మాత్రాన దాని గుణం మారదని 2008లో రాధేశ్యామ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు అంది. పీఎఫ్‌కు 1952 చట్టం 10వ సెక్షన్ కాపు. కాకపోతే ఇవన్నీ జప్తు గురించి మాట్లాడేవి, "మాది జప్తు కాదు, చెల్లుకు చెల్లు" అని బ్యాంకు లాయరు వాదిస్తాడు. కోర్టు చెయ్యకూడని పని కోర్టు లేకుండా చెయ్యొచ్చా అని ఎదురు అడగాల్సి ఉంటుంది. పెన్షన్ ఖాతా విషయంలో ఆ ప్రశ్నకు బలముంది.

ప్రభుత్వ పథకాల డబ్బు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2019 తర్వాత రైతు భరోసా, అమ్మ ఒడి వంటి పథకాల సొమ్మును రాష్ట్ర ప్రభుత్వం అన్‌ఎన్‌కంబర్డ్ ఖాతాల్లో వేస్తున్నామని పదేపదే చెప్పింది. పాత అప్పులకు జమ చేసుకోకుండా అని దాని అర్థం. ప్రభుత్వమే అంత జాగ్రత్త పడాల్సి వచ్చిందంటే, ఆ జాగ్రత్త లేకపోతే ఏం జరుగుతుందో అందరికీ తెలుసన్నమాట. పథకం డబ్బు పడిన ఖాతా అలాంటిదో కాదో పాసుబుక్కు చూస్తే తెలియదు, బ్రాంచిలో అడగాలి. డ్వాక్రా సంఘాలకు ఇంతకన్నా సూటి కాపుదల ఉంది. సంఘానికి 10 లక్షల దాకా ఇచ్చే లోనుకు తాకట్టు అడగకూడదని, సంఘం పొదుపు ఖాతా మీద లీన్ పెట్టకూడదని, డిపాజిట్ చేయమని పట్టుబట్టకూడదని రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాల్లో ఉంది. "లోను తీరేదాకా పొదుపు డబ్బు తీయకూడదమ్మా" అని సంఘం లీడరుకు ఏ ఫీల్డ్ ఆఫీసరైనా చెబితే, ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడిగి చూడవచ్చు. రాసివ్వరు.

ముందుగా నోటీసు ఇవ్వాలా? సెట్ ఆఫ్ చేసే ప్రతిసారీ ముందు చెప్పి తీరాలని పట్టుకుని చూపించడానికి ఒక్క సెక్షన్ లేదు. చాలా బ్యాంకుల ఫారాల్లో "నోటీసు లేకుండానే" అని అచ్చేసి ఉంటుంది కూడా. అయినా చెప్పకపోతే బ్యాంకుకే ఎదురుదెబ్బ తగిలే చోటు ఒకటుంది. ఎరువుల అంగడికి చెక్కు ఇచ్చారు, అప్పటికి ఖాతాలో డబ్బుంది. మధ్యలో బ్యాంకు జమేసుకుంది, చెక్కు బౌన్సయింది. ఖాతాలో సరిపడా డబ్బుండి చెక్కు తిప్పిపంపితే నష్టపరిహారం ఇవ్వాలని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 31వ సెక్షన్ చెబుతుంది. సెట్ ఆఫ్ చేసే హక్కే ఆ రోజు బ్యాంకుకు లేదని తేలితే, బౌన్సు ఖర్చులతోపాటు పరువు నష్టం కూడా బ్యాంకు ఖాతాలోకే వస్తుంది.

అన్ని కోతలూ సెట్ ఆఫ్ కావు, ఇది గుర్తుంచుకోకపోతే ఫిర్యాదు తప్పు చిరునామాకు పోతుంది. ఈఎంఐ కోసం మనమే సంతకం చేసిచ్చిన నాచ్ మాండేట్ వేరే బ్యాంకు ఖాతా నుంచి కూడా డబ్బు లాగుతుంది. అది మనమిచ్చిన అనుమతి, రద్దు చేసుకోవచ్చు, అప్పు మాత్రం రద్దు కాదు. ఆదాయపు పన్ను శాఖ, కోర్టు, సైబర్ క్రైం పోలీసులు పెట్టించిన హోల్డ్ అయితే అందులో బ్యాంకు కేవలం చెప్పింది చేసేదే. అందుకే మొదట అడగాల్సింది, "ఎందుకు పట్టుకున్నారు" అని కాదు, "ఎవరి ఆదేశం మీద, ఏ లోను ఖాతాకు, ఏ తేదీ బాకీకి, ఎంత" అని. కోపంగా అడిగితే దొరకని జవాబు ఈ నాలుగు ముక్కలు రాసిన అర్జీకి దొరుకుతుంది.

జవాబు నచ్చకపోతే, లేదా 30 రోజుల్లో ఏ జవాబూ రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు. ఇంకో దారిగా జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అనంతపురం, కర్నూలు, కడప మూడింటిలోనూ. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఈ రెండు చోట్లా మొదట అడిగేది బ్యాంకుకు ఎప్పుడు రాశారని. కౌంటర్లో నోటిమాటగా చెప్పి వచ్చిన నాలుగు నెలలు ఎక్కడా లెక్కకు రావు. అర్జీ రెండు కాపీలు రాసుకుని, ఒకటి లోపల ఇచ్చి, రెండోదాని మీద బ్రాంచి ముద్ర, సంతకం, తేదీ వేయించుకుని బయటికి రావాలి. ముద్ర వేయబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. 30 రోజులు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే.